శ్రీరామప్ప నమ్మిన బెల్లు

మా పెదనాన్న శ్రీరామప్పకు కోపం రాదు. ఆయనకు రావలసింది కూడా నాకే వచ్చిందని మా అమ్మ అంటుంది. ఈ సంగతి ఆయన నోట వినాలంటే మీరు చాలాకాలం కూర్చోవాలి, అప్పటికీ చెప్పడు. అందుకని నేను చెబుతున్నాను. నా పేరు మాల. బెంగళూరు దారిలో ఉన్న నరసాపురంలో బైకు విడిభాగాలు చేసే కంపెనీలో టెస్టింగ్ దగ్గర పని. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి, రోజంతా మంచి ముక్కను ఒక పక్కకు, చెడ్డ ముక్కను ఒక పక్కకు వేసి, సాయంత్రం మారికుప్పంలో దిగుతాను. మనుషులను కూడా అట్లా వేరుచేసే మీటరు ఉంటే బాగుండునని ఈ రెండు నెలల్లో చాలాసార్లు అనుకున్నాను.

మా మారికుప్పం బంగారు గనులు మూతపడ్డప్పుడు పెదనాన్నకు నలభై మూడేళ్లు. అప్పటికి ఇరవై మూడేళ్లుగా ఇంజిన్ డ్రైవరు. రైలింజిన్ అనుకునేరు, అది కాదు. గనిలోకి మనుషులను దించి మళ్లీ పైకి లాగే ఇనప బోను ఒకటి ఉండేది. దాని తాడు చుట్టే యంత్రాన్ని నడపడం ఆయన పని. ఆయన కూర్చున్నచోటు నుంచి బోను కనబడదు, అందులో ఎవరున్నారో కనబడదు. అడుగున ఒక బెల్లుమనిషి ఉంటాడు. అతను ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే దించాలి, మూడు కొడితే మనుషులు ఎక్కారు, పైకి లాగమని అర్థం. ఎందుకు కొట్టావని అడిగే పని లేదు. చిత్తూరు పల్లెల నుంచి మా తాతలు వచ్చి గనిలో చేరిన నాటి నుంచి ఈ లైన్లలో, అంటే కూలీలకు కట్టించిన ఈ వరుస ఇళ్లలో, చిన్నపిల్లలకు కూడా తెలిసిన నియమం ఒకటే: బెల్లు వింటే చెయ్యి కదలాలి, నోరు కదలకూడదు.

పెదనాన్నకు అడుగు నుంచి బెల్లు కొట్టినవాడు హనుమంతప్ప. నేను చిన్నప్పటి నుంచీ మామా అని పిలిచేదాన్ని. ఇప్పుడు ఉత్త హనుమంతప్ప. ఒకసారి గనిలో రాయి పేలింది. మా వాళ్లు దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అంటారు. దీపాలు పోయాయి, దుమ్ము. అడుగున పదకొండు మంది. హనుమంతప్ప వాళ్లను రెండు విడతలుగా ఎక్కించి, మూడేసి బెల్లులు కొట్టి పంపి, తాను చివర ఎక్కాడు. పైన ఇంజిన్ ఇంట్లో పెదనాన్నకు ఆ గంటలు తప్ప ఏమీ తెలియదు. ఆ పదకొండు మందిలో మా నాన్న ఒకడు. అందుకే హనుమంతప్ప ఎప్పుడు వచ్చినా మా ఇంట్లో ఆయనకు ముందు కుర్చీ, తర్వాత కాఫీ, ఆ తర్వాతే మాట.

గనులు పోయాక పెదనాన్న వైరింగు పనులు చేశాడు, మోటార్లు చుట్టాడు. తర్వాత నెలనెలా కట్టే పని లేకుండా ఛానెళ్లు ఇచ్చే ఫ్రీ డిష్ వచ్చింది. ఆ పని ఆయనకు చేతికి అంటుకున్నట్టు వచ్చేసింది. ఎవరైనా డిష్ పెట్టమని వస్తే వెంటనే నిచ్చెన ఎత్తడు. ముందు అడుగుతాడు: ఇంట్లో ఎవరు చూస్తారు, ఏ భాష చూస్తారు, క్రికెట్ లేకపోతే మీవాడు అన్నం మానేస్తాడా. మానేస్తాడంటే, "అట్లయితే నీకు ఇది వద్దప్పా, డబ్బు కట్టేదే పెట్టుకో" అని పంపేస్తాడు. వచ్చిన బేరాన్ని వెనక్కి పంపే మనిషిని ఇంకొకర్ని నేను చూడలేదు.

బొమ్మ పోయిందని పిలిస్తే సగం ఇళ్లలో ఆయన డిష్ ముట్టుకోడు. గోడకు పెట్టిన వైరు చివర విప్పి చూస్తాడు. లోపలి రాగితీగ పచ్చబడి ఉంటే నీళ్లు దిగాయని అర్థం, ఆ ముక్క కోసి మళ్లీ బిగిస్తాడు. డిష్ ముందుండే మూతిలో కందిరీగలు గూడు పెట్టి ఉంటాయి, తుడుస్తాడు. కొత్త ఛానెల్ రాలేదంటే బాక్సులో మళ్లీ వెతికిస్తాడు. అప్పటికీ రాకపోతే పాత బాక్సుకు ఆ ఛానెల్ చదివే శక్తి లేదని చెబుతాడు. రేడియో గరగరమంటోందని ఎవరైనా తెస్తే, ముందు ఇంట్లో చార్జర్లన్నీ పీకమంటాడు. గరగర సగం తగ్గుతుంది. మిగతా సగానికి ఆయన దగ్గర కూడా మందు లేదు.

కొత్త డిష్ పెట్టడానికి మాత్రం ఇద్దరు కావాలి. ఒకరు పైన డిష్ తిప్పాలి, ఒకరు లోపల టీవీలో చూసి చెప్పాలి. తెర మీద రెండు గీతలు వస్తాయి. పైగీత వైరులో కరెంటు ఉందని చెబుతుంది, డిష్ ఎటు తిరిగినా అది సగం దాకా ఉంటుంది. కిందిగీత నిండితేనే సిగ్నల్ పట్టినట్టు. ఇంజిన్ మోతకు పెదనాన్న చెవులు చాలావరకు పోయాయి. దగ్గర కూర్చుని చెబితే తప్ప మాట వినబడదు, ఇనుము మీద దెబ్బ మాత్రం చక్కగా వినబడుతుంది. అందుకని పాత పద్ధతే పెట్టుకున్నారు. హనుమంతప్ప లోపల కూర్చుని కిటికీ కమ్మీ మీద స్పానరుతో కొడతాడు. రెండు కొడితే ఇంకా తిప్పు, మూడు కొడితే వెనక్కి రా, ఒకటి కొడితే ఆపి బిగించు. వీళ్లిద్దరూ పనిచేస్తుంటే లైనులో ముసలివాళ్లు బయటికొచ్చి నిలబడేవాళ్లు. డిష్ చూడటానికి కాదు, ఆ దెబ్బలు వినడానికి.

రెండేళ్ల కిందట మా వెనక లైనులో మొదటి డిష్ పట్టలేదు. పెదనాన్న పైన గంటన్నర తిప్పాడు. రెండు, మూడు, రెండు, మూడు. ఒకటి రాలేదు. తర్వాత రెండో ఇల్లు, మూడో ఇల్లు. నాలుగోది మారమ్మది. మారమ్మ భర్త గని దుమ్ముతో దగ్గి దగ్గి పోయాడు. పక్కింటి నర్సు ఇసబెల్లా మందులవీ చూసుకుంటుంది. మారమ్మకు టీవీ బొమ్మలతో పని లేదు, చూపు అంతంత మాత్రం. ఆమెకు తెలుగు రేడియో కావాలి. పొద్దున పాటలు, తర్వాత వార్తలు, ఎవరో రైతు వేరుశనగ గురించి అడిగితే ఎవరో చెప్పే జవాబు. చుట్టూ కన్నడం, తమిళం. మాట్లాడే తోడు పోయాక ఇంట్లో తెలుగు వినబడేది ఆ పెట్టెలో నుంచే. పాత రేడియోలో అది గరగర కింద కూరుకుపోయింది. ఫ్రీ డిష్‌లో టీవీలోనే రేడియో వస్తుందని తెలిసి ఆమె డిష్ కొనిపించింది.

అది కూడా పట్టలేదు. పెదనాన్న నిచ్చెన దిగి, చెమట తుడుచుకుని, ఆగ్నేయం వైపు చూశాడు. డిష్ చూడవలసింది అటే. అటు గని మీద, ఒకప్పుడు బోను తాడు మోసిన ఇనప గోపురం నిలబడి ఉంది. "ఆ ఇనుము అడ్డం వస్తాండాదమ్మా. ఈ లైనుకు డిష్ పట్టదు," అన్నాడు. పట్టని దానికి ఏదో ఒక కారణం చెప్పాలి కదా, మనసులో తట్టిందే చెప్పాడు. శ్రీరామప్ప పట్టదన్నాక ఇంకొకర్ని పిలిచి చూపించుకునే మనిషి మా లైన్లలో లేడు. పందొమ్మిది ఇళ్లవాళ్లు డిష్ ఆశ వదులుకున్నారు. అప్పుడే కొత్తగా కేబుల్ వైరు వచ్చింది, అది పెట్టించుకున్నారు, అందులో రేడియో రాదని మారమ్మ ఒక్కతే వద్దంది. దాన్ని లాగినవాడు హనుమంతప్ప అల్లుడు. ఇది మాలో ఎవరికీ తెలియని రహస్యం కాదు. మేమంతా చూశాం, ఎవరం రెండూ కలిపి ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు, నా తెలివికి నిప్పు పెట్ట.

ఈ ఏడాది నాకు జీతం పెరిగితే బెంగళూరుకు పోయి పెదనాన్నకు బ్యాటరీతో నడిచే ఒక చిన్న మీటరు కొన్నాను. డిష్ వైరుకు తగిలిస్తే సిగ్నల్ ఉన్నచోట కూత పెడుతుంది, ముల్లు పైకి లేస్తుంది. కూత వినబడకపోయినా ముల్లు కనబడుతుందని నా లెక్క. ఆయన తిప్పి తిప్పి చూసి నవ్వాడు. "హనుమంతు ఉండగా ఇది యాలమ్మా?" అని గూట్లో పెట్టేశాడు. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది.

రెండు నెలల కిందట హనుమంతప్ప పెళ్లికని గౌనిపల్లి పోయాడు. ఆ ఆదివారం మారమ్మ కబురు పంపింది. ఇంటి వెనక డిష్ పెట్టిన ఇనప పైపు ఉత్తగా ఉంది కదా, డిష్ పీకేస్తే బట్టలారేసుకోవడానికి తీగ కట్టుకుంటానని. నేనూ వెంట వెళ్లాను. పీకబోయే ముందు, నన్ను సంతోషపెట్టడానికే అయి ఉంటుంది, పెదనాన్న మీటరు తగిలించి డిష్‌ను కాస్త అటూ ఇటూ కదిపాడు. ముల్లు లేచింది. కింద నిలబడ్డ నాకు కూత వినబడింది.

ఆయన మీటరును నమ్మలేదు. దిగివచ్చి, మారమ్మ అటక మీది బాక్సు దింపించి, తుడిచి, టీవీకి తగిలించాడు. కిందిగీత నిండుగా ఉంది. కిటికీలోంచి బయటికి చూశాడు. ఇనప గోపురం ఎక్కడిదక్కడే ఉంది.

మారమ్మ తెర దగ్గరగా వచ్చి కళ్లు చికిలించి చూసింది. "ఆ పొద్దు గూడా ఇట్లే నిండె గదప్పా ఆ కింది గీత," అంది.

"ఏ పొద్దు?"

"నువ్వు మొదట పెట్టిన పొద్దు. నిండె, తగ్గె, మళ్లా నిండె. నేనే అడిగినాను, ఏమన్నా అది నిండుతాండాదే అని. అది లెక్కలేదులేమ్మా, పై గీత చూడాల అన్న్యాడు హనుమంతన్న."

పెదనాన్న టీవీ ఆపేశాడు. తర్వాత, "నాతో ఒక మాట చెప్పింటే ఏమమ్మా?" అన్నాడు.

"నీతో వేరే ఏం జెప్పేది? మీరిద్దరూ ఒగటే గదప్పా," అంది మారమ్మ.

ఏ పనీ సగంలో వదలని మనిషి, డిష్ నట్టు కూడా బిగించకుండా అక్కణ్నుంచి వచ్చేశాడు. ఇంటికి వచ్చి నన్ను లోపల కూర్చోబెట్టి, తాను పెరట్లో నిలబడి, కిటికీ కమ్మీ మీద స్పానరుతో కొట్టమన్నాడు. నేను కొట్టాను. ఎన్ని దెబ్బలో ఆయన చెప్పాడు. మళ్లీ కొట్టమన్నాడు. ఇరవైసార్లయినా కొట్టి ఉంటాను, ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఎందుకీ పరీక్ష అని అడిగితే, "నాకే ఇనబడల్యా ఏమో అనుకున్న్యానమ్మా," అన్నాడు. తన చెవులు చెడ్డవైతే బాగుండునని ఆయన కోరుకున్నాడు.

తర్వాతి మూడు రోజులు మీటరు పట్టుకుని వెనక లైనులో ఇల్లిల్లూ తిరిగాడు. డిష్ మిగిలి ఉన్న ప్రతిచోటా ముల్లు లేచింది. కంపెనీలో మా ఇంజినీరుని అడిగితే కాగితం మీద గీసి చూపించాడు: మన ఊళ్లో ఆ డిష్ దాదాపు నడినెత్తికి చూస్తుంది, అంత దూరాన ఉన్న గోపురం దాని దారికి అడ్డమే రాదు. ఆ కాగితం పెదనాన్నకు ఇచ్చాను. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు.

హనుమంతప్ప గౌనిపల్లి నుంచి వచ్చిన సాయంత్రమే ఇద్దరం అతని ఇంటికి వెళ్లాం. అతను వరండాలో కూర్చుని ఉన్నాడు. రా అప్పా అని కుర్చీ జరిపాడు. పెదనాన్న కూర్చోలేదు.

"ఒకటి కొట్టాల్సిన చోట నువ్వు కొట్టల్యా, హనుమంతా."

హనుమంతప్ప కాదనలేదు. "అల్లుడు ఆ లైనుకు కేబులు ఏసే పని దీసుకున్న్యాడు. అందరూ డిష్ పెట్టుకుంటే వాని గతేమి? కూతురొచ్చి ఏడ్సింది. నేనేం జేసేది?"

"నాతో చెప్పాల్సింది."

"చెప్పింటే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలేదు."

అప్పటిదాకా నోరు మూసుకున్నదాన్ని, ఇక నా వల్ల కాలేదు. "డిష్ పట్టదని మీరే పోయి చెప్పుకోవాల్సింది. ఈ వయసులో ఆయన్ను నిచ్చెన ఎక్కించి, గంటలు గంటలు ఎండలో తిప్పించేది యాల?" అన్నాను.

"నేను జెప్తే యెవురు నమ్ముతారమ్మా? కేబులువాని మామ అంటారు," అన్నాడు హనుమంతప్ప. చాలా మామూలుగా అన్నాడు. "శ్రీరామప్ప పట్టదంటేనే నమ్ముతారు."

పెదనాన్న వరండా స్తంభం పట్టుకున్నాడు. పందొమ్మిది ఇళ్లలో అబద్ధం చెప్పింది తన నోరేనని ఆయనకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. హనుమంతప్ప అది చూసి లేచాడు. "సుమ్నె, ఊరికే బేజారు పడొద్దప్పా. ఇది గని గాదు. యెవురి పానం పోయింది చెప్పు? టీవీ గదా," అన్నాడు.

"బోనులో మనుషులుండారా, టీవీ ఉండాదా, నాకు యాడ కనబడేది?" అన్నాడు పెదనాన్న. "నాకు తెలిసేది నీ బెల్లొకటే."

ఎప్పుడూ అడుగుతాడని నేను అనుకోని మాట అడిగాడు. "గనిలో గూడా ఎప్పుడన్నా ఇట్ల కొట్టినావా?"

హనుమంతప్ప ముఖం నల్లబడిపోయింది. "అంత మాటనొద్దు శ్రీరామా," అని ఏడ్చాడు. అతను గనిలో తప్పు కొట్టలేదనే నేను నమ్ముతాను. మా నాన్న ఆ బెల్లుతోనే పైకొచ్చాడు. కానీ ఆ ప్రశ్న అడగవలసి వచ్చినందుకు పెదనాన్న ఎంత కుంగిపోయాడో దారి పొడుగునా చూశాను. ఇరవై మూడేళ్లు వెనక్కి పోయి ఒక్కొక్క గంటనూ మళ్లీ విని చూసుకుంటున్నట్టు నడిచాడు.

మరునాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. హనుమంతప్ప పేరు ఎత్తలేదు, ఎత్తమని నేను ఎంత పోరినా. "నేను పట్టదంటి గదా, అది తప్పమ్మా. పడతాది. నేనే వచ్చి పెట్టిస్తాను," అన్నాడు, అంతే. కానీ లైన్లలో ఇలాంటి సంగతి దాగుతుందా. మారమ్మ చూసిన కిందిగీత కథ అప్పటికే కుళాయి దగ్గర అందరి నోళ్లలో నానుతోంది. మంచి చెయ్యబోయి ఆయన పడిన మాటలు నేను విన్నాను. ఒకాయన, "ఇరవై మూడేండ్లు ఒకరి చెయ్యి ఒకరికి ఎరికైనోళ్లు. నీకు తెలీకుండా జేసినాడంటే నమ్మాలనా?" అన్నాడు. ఇంకొకావిడ, "ఇప్పుడు బయటపెడతాండావంటే, వాటా దగ్గర తేడా వచ్చిందేమప్పా," అంది నవ్వుతూ. నేను మీద పడబోతే పెదనాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. వాళ్లు అడిగినదాంట్లో తప్పేముందన్నాడు. తప్పేముందో నేను ఇంటికొచ్చి గంటసేపు చెప్పాను, ఆయన విన్నాడు.

పందొమ్మిది ఇళ్లలో ఆయన్ను మళ్లీ పిలిచినవి మూడు. మూడోది మారమ్మది. బిగించకుండా వదిలిన డిష్ ఆ రాత్రి గాలివానకే పక్కకు తిరిగిపోయింది. పోయిన ఆదివారం వెళ్లాం. లోపల టీవీ ముందు నేను కూర్చున్నాను. స్పానరు తీసుకోబోతే వద్దన్నాడు. మీటరు కట్టుకుని నిచ్చెన ఎక్కాడు.

కిందిగీత నిండింది. నేను బయటికి పోయి, ఆయన చూసేటట్టు చెయ్యి ఊపి, "నిండింది పెద్నాయనా," అని గట్టిగా చెప్పాను. ఆయన తల ఊపాడు. బిగించలేదు. నట్టు బిగించే పాన పైపు మీదనే పెట్టి, ఒక్కొక్క మెట్టే దిగి, లోపలికి వచ్చి, తెర దగ్గర వంగి గీతను తన కళ్లతో చూసుకున్నాడు. మళ్లీ పోయి ఎక్కాడు. కొంచెం జరిపాడు. మళ్లీ దిగాడు. నేను చెప్పడం, ఆయన దిగి చూసుకోవడం, ఇట్లా నాలుగుసార్లు అయింది. ఆయన ఎత్తుకుని పెంచిన పిల్లను నేను. నా ముఖం ఆయన చూడలేదు, నేనూ ఆయన ముఖం చూడలేదు.

అయిదోసారి రేడియో పెట్టాడు. తెలుగులో ఎవరో వార్తలు చదువుతున్నారు. మారమ్మ మంచం మీద నుంచి లేచింది. రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ మాట వినబడింది. పెదనాన్న ముఖంలో ఎన్నో రోజుల తర్వాత కొంచెం వెలుతురు చూశాను.

"సరిగ్గా పట్టిందమ్మా. పోయి బిగించేస్తాను," అన్నాడు.

మారమ్మ చెవి పెట్టి విన్నది. ఆయన వైపు చూడకుండా, తలుపు దగ్గరికి నడుస్తూ, "ఉండప్పా," అంది. "ఇసబెల్లాను పిలుస్తాను. ఆమె వచ్చి చూసి చెప్పనీ."

రేడియో అంత స్పష్టంగా వస్తుంటే ఇంకా చూసి చెప్పేదేముందని నేను నోరు తెరిచాను. పెదనాన్న చెయ్యెత్తాడు. "పిలవనీలేమ్మా," అన్నాడు. బయటికి పోయి, నిచ్చెన మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. ఇసబెల్లా అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది, బట్టలు మార్చుకుని వచ్చేసరికి కాస్త సేపయింది. అంతసేపూ ఆయన అట్లాగే నిలబడి ఉన్నాడు. ఆమె వచ్చి, తెర చూసి, బాగానే ఉండాది పెద్దమ్మా అని చెప్పాక, మారమ్మ కిటికీలోంచి ఆయనకు బిగించమని చెప్పింది.